చెవికమ్మ అడ్డం వచ్చిన లెక్క

2024 జూలై 15, సోమవారం. ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. సన్నని ముసురు, గాలి లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి ఆబిడ్స్ వైపు తిరిగే సందులో, నేను కార్యదర్శిగా ఉన్న పఠనమందిరం గుమ్మం వద్ద గొడుగు దులుపుకొంటున్న నా ముందుకు ఒక తెల్లకోటు వచ్చి నిలిచింది. ఆ కోటు లోపల అహల్య ఉన్నది. ఆమెను గూర్చి చెప్పవలసిన మొదటి మాటా, ఇంచుమించు కడపటి మాటా ఒక్కటే: తన ముఖంతో కలిపి ఫోటో తీయనిదే ఆమె పుస్తకంలో పుట తిప్పదు.

కోటు మోకాళ్ళ దాకా ఉన్నది. జేబు మీద ఎర్రదారంతో ‘డాక్టర్ అహల్య’ అని కుట్టి ఉన్నది. మెడలో స్టెతస్కోపు. మందిరంలో ఎవరికో ఆపద వాటిల్లిందని భావించి నేను తొందరపడ్డాను.

“ఎవరికమ్మా, ఏమైంది?”

“ఎవ్వరికేం గాలె సార్. చదువుకోనీకి వచ్చిన. మెంబర్‌షిప్ కావాలె.”

“వైద్యవిద్య ఎన్నవ సంవత్సరం?”

“సీటు ఇంక రాలె సార్. నీట్ రెండుసార్లు రాసిన. గిది మూడోసారి. ఇదే ఆఖరుదని మా నాయిన చెప్పిండు. రాకుంటే బీకామే.”

“మరి ఈ కోటు?”

“మైండ్‌సెట్ సార్.”

ఆ మాటకు సరియైన తెలుగు నాకప్పుడు తట్టలేదు, ఇప్పటికీ తట్టలేదు. సభ్యత్వపత్రంలో ‘వృత్తి’ అనే గడిలో ఆమె ‘కాబోయే డాక్టర్’ అని వ్రాసింది. నేను దానిని కొట్టివేసి ఎర్రసిరాతో ‘విద్యార్థిని’ అని దిద్దాను. ఆమె ఆ దిద్దుబాటును కూడ, పక్కన తన ముఖం పెట్టుకొని, ఫోటో తీసుకొన్నది.

ఆమె చదువు ఎట్లుండేదో యథాతథంగా నివేదిస్తాను. కిటికీ పక్క బల్ల మీద అయిదు రంగుల కలాలు వరుసగా పేర్చేది. మా మందిరంలో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ తెరవని నిఘంటువు నాలుగవ సంపుటాన్ని తెచ్చి, ఫోనుకు వెన్నుదన్నుగా నిలబెట్టేది. పిదప పుస్తకం తెరిచి, తల ఒక పక్కకు వంచి, నుదుట జ్ఞానభారం తెచ్చుకొని, ఒక ఫోటో. చూసి, పెదవి విరిచి, మరొకటి. అటు తరువాత గాని చదువు లేదు. ఆమె చెవులకు గాజులంత వెడల్పైన కమ్మలుండేవి. తల వంచినప్పుడల్లా అవి పుస్తకం మీదకు వేలాడేవి. ఒకనాడు గడియారం దగ్గర పెట్టుకొని లెక్కించాను. గంటకు పదకొండు పుటలు, పందొమ్మిది ఫోటోలు.

“సార్, జర ఒక్క ఫోటో తీయరా? నేను ఫోన్ దిక్కు చూడ. చదువుతున్నట్టు ఉంట.”

“చదువుతున్నట్టు ఉండడమెందుకమ్మా? చదవవచ్చును గదా.”

“నిజంగ చదివితే మొఖం మంచిగ రాదు సార్. నాకు నోరు తెరుచుకుంటది.”

మందిరం నియమావళిలో ఏడవ నియమంగా ‘లోపల ఫోటోలు తీయరాదు’ అని చేర్చి, పెద్ద అక్షరాలతో బోర్డు వ్రాయించి గోడకు వ్రేలాడదీశాను. ఆమె ఆ బోర్డు కింద నిలిచి ఫోటో తీసుకొన్నది. అది చూసి, అదే బోర్డు కింద ఫోటో తీసుకొనడానికి ఆ వారంలో మరి పద్నాలుగుమంది వచ్చారు. వారిలో ఆరుగురు సభ్యులుగా చేరారు. సభ్యత్వవృద్ధికి నేను చేసిన కృషిని కార్యవర్గం కొనియాడింది.

ఆబిడ్స్‌లో ఫోటో స్టూడియో నడిపే ప్రసన్నకుమార్ మా సభ్యుడే. అతడొకనాడు పత్రిక మడిచిపెట్టి ఆమె వైపు చాలాసేపు చూశాడు.

“ముప్పై ఏండ్ల సంది దుకాణం నడిపిస్తున్న సార్. ఈ పిల్ల ఒక నెలల తీసినన్ని ఫోటోలు నేను తీయలె. ఒక్కటన్న ప్రింటుకు ఇయ్యదు!”

“ప్రింటు ఎవరు చూస్తరు అంకుల్?” అన్నది అహల్య, ఫోను నుంచి తల ఎత్తకుండా.

శుక్రవారం మధ్యాహ్నం మందిరం మెట్ల మీద ఒక ప్రత్యేక కార్యక్రమం జరిగేది. ‘నేను డాక్టర్ ఎందుకు కావాలనుకొంటున్నాను’ అనే అంశం మీద ఆమె ఫోను ముందు ఒక నిమిషం మాట్లాడేది. అంశం ఒక్కటే, కారణం మాత్రం వారానికొకటి. గౌలిగూడలో వారు కిరాయికుండే ఇంటి నుంచి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చేది ఆమె నాయనమ్మ జంగమ్మ. డెబ్బది దాటిన మనిషి. నాలుగు పళ్ళు మిగిలి ఉన్నవి. నోటికి మాత్రం ఏ లోటూ లేదు.

“ఆ రోజు మా ఊళ్ళ ఒక్క డాక్టర్ ఉండి ఉంటే,” అని అహల్య గొంతు తడబరచింది, “మా అవ్వ ఇయ్యాల మన మధ్యల...”

“నేను గీడనే ఉన్న గదనే!”

“అవ్వా, జర పక్కకు జరుగు. ఫ్రేములకు వస్తున్నవ్.”

“సచ్చినోళ్ళను ఫ్రేములనే పెడతరు, రానియ్యి. ఈపాలి ఏం రోగంతోని సంపినవే?”

“గుండెపోటు.”

“మొన్న శుగరంటివి?”

“శుగరుకు వ్యూస్ రాలె అవ్వా.”

ఆ విధంగా జంగమ్మ సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య అయిదుసార్లు మరణించింది. చివరిది పాముకాటు. దాని ఫలితంగా డిసెంబరు రెండవ ఆదివారం జనగామ పక్క పల్లె నుంచి ఎనిమిదిమంది బంధువులు బస్సు దిగి, గౌలిగూడ సందు మొగసాలనే శోకం మొదలుపెట్టి, ఇంటి ముందుకు వచ్చారు. తలుపు తీసినది జంగమ్మ.

“ఎవరు సచ్చిన్రే, గట్ల ఏడుస్తున్నరు?”

“నువ్వేనంట గదా పెద్దమ్మా!”

బంధువులు అంతదూరం వచ్చినందుకు రెండు దినాలుండి, ఆమె చేతి వంట తిని, మ్యూజియం చూసి వెళ్ళారు. జంగమ్మ మరునాడు నా సమక్షంలో మనుమరాలికి తుది హెచ్చరిక చేసింది: “ఇగ ఒక్కపాలి నన్ను సంపినవనుకో, నీ ఫోన్ మూసీ నదిల పారేస్త.” నాటి నుంచి ఆ ప్రసంగాలలో అవ్వకు బదులు ‘ఎవరో ఒక పేద వృద్ధురాలు’ మరణించసాగింది.

అన్ని కారణాలూ విన్నవాడను గనుక నేనొకనాడు సూటిగా అడిగాను: “అమ్మాయీ, ఫోను పక్కన పెట్టి చెప్పు. నీవు డాక్టరు కావలసిన అసలు కారణమేమిటి?”

ఆమె నిజంగానే ఫోను బోర్లించింది. కొంతసేపు కలం మూత తీసి పెట్టింది.

“తెల్వది సార్. నాకు బుద్ధి తెలిసినప్పటి సంది ఇంట్ల, గల్లీల అందరు డాక్టరమ్మా అనే పిలిచిన్రు. గిప్పుడు రాలేదనుకోండి, నన్ను ఏమని పిలుస్తరో తెల్వది. గదే భయం.”

నేను చేతిలోని కలం కింద పెట్టి ఆమె వైపు తిరిగాను. అంతలో ఆమె ఫోను తిరగేసి అందులో మా ఇద్దరి ముఖాలూ చూసుకొన్నది. “సార్, గిట్లనే ఉండండి. ఈ ఎక్స్‌ప్రెషన్ మంచిగుంది,” అని ఒక ఫోటో తీసుకొన్నది.

ఏప్రిల్ ఆఖరున ఆమె పరీక్షాకేంద్రం ఆబిడ్స్‌లో ఒక సందులోని బడి అని తెలిసింది. వెంటనే నాంపల్లి స్టేషన్ నుంచి ఆ బడి దాకా నడుస్తూ వీడియో తీయాలన్నది. ఇల్లు గౌలిగూడలో ఉన్న మనిషి రైలు స్టేషన్ నుంచి ఎందుకు నడవాలి? అడిగితే, “ఎంట్రీ సీన్ సార్,” అన్నది. ఫోను నా చేతిలో. ఆమె ముందుకు నడక, నేను వెనక్కు నడక.

“గిది స్టేషన్ పెద్ద దర్వాజా. గిది దాటినంక బిస్కెట్ల దుకాణం, వాసన గుర్తువెట్టుకోండి. ఆడికెళ్ళి ఎడమకు. గీడ ఆటోవాళ్ళు పిలుస్తరు, ఎక్కకండి, నడుస్తె పదహారు నిమిషాలే. గా ఎర్రగేటు... సార్! వెనక!”

వెనక చెరుకురసం బండి ఉన్నది. నేను కూలబడిన భాగం తీసివేస్తానని ఆమె మాట ఇచ్చింది. తీసివేయలేదు. దానిని తొమ్మిదివేలమంది చూశారని ప్రసన్నకుమార్ చెప్పాడు. ఆ వీడియోలో దారి కన్న ఆమె ముఖమే ఎక్కువ ఉన్నదనీ, ఒక విద్యార్థిని ఆత్మప్రదర్శనకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదనీ నేను కార్యవర్గ సమావేశంలో పదినిమిషాలు మాట్లాడాను. ఆ మాటలు చిట్టాలో నమోదై ఉన్నవి. ఇప్పుడు కొట్టివేయుటకు వీలు లేదు.

అదే వారంలో ఆమె మరొక వీడియోలో ఒక హితబోధ చేసింది. పరీక్షహాలుకు తీసుకుపోవలసిన పాస్‌పోర్టు ఫోటో కళగా ఉంటే ధైర్యం వస్తుందట. అందుకు ఫోనులో ‘గ్లో’ అనే మెరుగు వేసుకోవాలట. ఆ మెరుగు వేస్తే నల్లనివారు తెల్లనగుదురు, ముక్కు సన్నబడును, కన్నులు పెద్దవగును. “కాన్ఫిడెన్స్ ఫ్రెండ్స్, కాన్ఫిడెన్స్!” అని ముగించింది.

2025 మే 4, ఆదివారం. ఎండ తీక్షణంగా ఉన్నది. పడమట చిన్న మబ్బు. ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉన్నవి; కాలిబాటల మీద పాతపుస్తకాలు పరచి ఉన్నవి. చివరి ఫోటో తీయుటకై అహల్య నన్ను రమ్మన్నందున ఆ బడి ఎర్రగేటు వద్దకు వెళ్ళాను. పరీక్ష రెండు గంటలకు. ఒంటిగంటన్నరకు గేటు మూసివేస్తారు. పొడుగుచేతుల దుస్తులు, బూట్లు, నగలు నిషిద్ధం. అహల్య పొట్టిచేతుల చొక్కా, రబ్బరు చెప్పులు వేసుకొని, పైన యథాప్రకారం తెల్లకోటు తొడిగి, జంగమ్మను పక్కన నిలుపుకొని, వరుసలో ముందునుంచి పదకొండవ స్థానంలో ఉన్నది. చెవులకు కమ్మలు లేవు. ఆమె ముఖం నాకు కొత్తగా కనబడింది.

పన్నెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు గేటు దగ్గర ఏడుపు వినబడింది. ఒక బక్కపలుచని అమ్మాయి చేతిలో ఫోటో పట్టుకొని నిలిచి ఉన్నది. పక్కన తలకు తువ్వాలు చుట్టిన తండ్రి. గేటు వద్ద ఉద్యోగి ఫోటోను, పిల్లను మార్చి మార్చి చూస్తున్నాడు.

“గిది నువ్వేనా అమ్మా?”

“ఔ సార్, నేనే.”

“గీమె ఎవరో సినిమా యాక్టర్ లెక్కుంది. అప్లికేషన్ల ఉన్న మొఖం వేరే. నీ మొఖం నీ లెక్క ఉండాలె, వెనక తెల్లగుండాలె. గసొంటి ఫోటో తెచ్చుకుంటేనే లోపలికి.”

“గ్లో పెట్టిన సార్,” అని ఆ పిల్ల వెక్కింది. “అహల్యక్క చెప్పింది.”

వరుసలో పదకొండవ స్థానం ఖాళీ అయింది.

“అనురాధా? తాండూరు అనురాధవేనా నువ్వు?” అంటూ అహల్య, గొంతు గుర్తుపట్టినట్టు, పరుగున వచ్చింది. ఆ పిల్ల తెల్లకోటు చూడగానే, ఆపదలో తల్లి కనబడ్డట్టు, కోటు అంచు పట్టుకొన్నది.

“అక్కా, నువ్వు చూపెట్టిన తొవ్వలనే వచ్చినం. బిస్కెట్ల వాసన దాక కరెక్టుగ వచ్చినం. ఫోటోనే...”

“ఏడ్వకు. తప్పు నాది.” అహల్య మెడలోని స్టెతస్కోపు తీసి జంగమ్మ చేతిలో పెట్టింది. కోటు విప్పింది. పది నెలలలో ఆ కోటు ఆమె ఒంటి మీద నుంచి దిగడం నేను చూసినది అదే ప్రథమం. “సార్, మీరు గా చెయ్యి పట్టుకోండి. అవ్వా, నువ్వు గీ చెయ్యి. గోడకు గుంజి పట్టుండ్రి.”

బడి గోడ మీద తెల్లకోటు పరచుకొన్నది. కుడిచేతి కొస నేను, ఎడమచేతి కొస జంగమ్మ. దాని ముందు అనురాధ కళ్ళు తుడుచుకొని నిలిచింది. అహల్య ఫోను ఎత్తి, మళ్ళీ దించింది.

“ఆగండి. నా పేరు కనబడుతున్నది. తిప్పండి సార్.”

ఆమె నోట అట్టి మాట వినగలనని నేనెన్నడూ అనుకోలేదు. ‘డాక్టర్ అహల్య’ గోడవైపుకు పోయింది. అటు తరువాత ఒక్క ఫోటో. ఒక్కటే. మెరుగు వేయలేదు, రెండవది తీయలేదు.

“ప్రింటు నేను వేయించుకొని వస్తాను,” అన్నాను.

“మీరు ఉరికితే మల్ల సంవత్సరం నీట్‌కు వస్తరు సార్.”

“నీ గేటు మూస్తరే!” అని జంగమ్మ కేక వేసింది. “నీకు గిది ఆఖరుదే!”

ఆ కేక చేరేలోగానే అహల్య సందు మలుపు దాటింది. ఆదివారం ప్రసన్నకుమార్ స్టూడియో మూసి ఉంటుంది. అయితే అతని నివాసం పైఅంతస్తులోనే. తరువాత అతడు చెప్పగా తెలిసినది: కింద షట్టరు మీద ఎవరో రెండు చేతులా బాదుతున్నారు. కిటికీ తీశాడు.

“అంకుల్, ప్రింటు!”

“నీకు ప్రింటా? నిద్రల ఉన్నానా నేను?”

“అంకుల్, మజాక్ వద్దు. ఇరవై నిమిషాలున్నయ్.”

అతడు లుంగీ మీదనే దిగివచ్చి ఆరు ప్రింట్లు తీసి ఇచ్చాడట. ‘ఇవి నీవి కావు గదా’ అని చూసి ఆశ్చర్యపోయాడట. ఈలోగా గేటు ముందు వరుస కరిగిపోయింది. ఒంటిగంట పదునెనిమిది. జంగమ్మ కోటును ఒడిలో పెట్టుకొని అన్ని దేవుళ్ళనూ పేరుపేరునా తిట్టుచున్నది. ఒంటిగంట ఇరవై రెండు. రబ్బరు చెప్పులు చేతిలో పట్టుకొని, వట్టికాళ్ళతో, జుట్టు ఊడి, చెమటలో మునిగి, అహల్య సందు మలుపులో కనబడింది. నోరు తెరుచుకొని ఉన్నది.

గేటు ఉద్యోగి ఫోటో చూశాడు, పిల్లను చూశాడు. “ఆఁ. గిప్పుడు నువ్వు నువ్వే,” అని పంపించాడు. వెనుక అహల్య. ఆమె ఒక్క క్షణం నిలిచి ఫోను జంగమ్మ చేతికిచ్చింది.

“ఫోటో?” అన్నాను, ఆమె నన్ను పిలిచిన పని జ్ఞాపకం చేయుటకు.

“గిప్పుడు మొఖం మంచిగ లేదు సార్,” అని నవ్వి లోపలికి పోయింది. ఒంటిగంట ఇరవై నాలుగు.

మూడు గంటలపాటు గేటు ఎదుటి నీడలో కూర్చున్నాము. అనురాధ తండ్రి పేరు రాజమల్లు. తాండూరు దగ్గర నాపరాతి గనిలో కూలిపని. నేను గంభీరంగా అన్నాను: “ఈ ఫోటోల పిచ్చి వల్లనే గదా మీ పిల్లకు ఈ కష్టం వచ్చింది.”

“గట్లనకుండ్రి సార్. మా పిల్ల చదివిందే గా ఫోటోలల్ల.”

“అనగా?”

“మాకు కోచింగేడిది, గంత పెద్ద పుస్తకాలేడివి? అహల్యమ్మ రోజు పేజీలు ఫోటో పెడతది గద. గవి పెద్దగ జేసుకొని రాసుకునేది. మా పిల్ల ఒక్కతే గాదు, ముప్పై మంది దాక ఉన్నరంట గట్ల. అర్థం గాకుంటే ఫోన్ చేస్తది, ఆమె చెప్తది. ఒక్కపాలి మాత్రం జర తక్లీఫయింది.”

“ఏమి?”

“ఆమె చెవికమ్మ అడ్డమొచ్చి లెక్క సగం కనబడలె. మా పిల్ల ఫోన్ చేసి ‘అక్కా, కమ్మ పక్కకు జరుపు’ అన్నది. ఎంటనే ఇంకో ఫోటో పెట్టింది.”

పుటకు రెండవ ఫోటో ఎందుకో నాకప్పుడు తెలిసింది. గంటకు పదకొండు పుటలు, పందొమ్మిది ఫోటోలు అని నేను లెక్క కట్టిన రోజు గుర్తుకు వచ్చి, చెరుకురసం బండి వద్ద కన్న ఎక్కువగా కూలబడ్డాను.

సాయంత్రం అయిదు దాటాక అహల్య బయటకు రాగానే అడిగాను: “పేజీలు పంపడానికే అయితే, మధ్యలో నీ ముఖం దేనికమ్మా?”

“ఉత్త పేజీ పెట్టి చూసిన సార్. పదకొండు మంది చూసిన్రు. మొఖం పెడితే నాలుగు వేలమంది. గా నాలుగు వేలల్ల ఒక ముప్పై మంది నా మొఖం పక్కకు జరిపి పేజీ చదువుతరు.” ఆ పిమ్మట, ఫోను ముందు తప్ప అబద్ధమాడే అలవాటు లేదు గనుక, “నా మొఖం మంచిగుంటది గూడ,” అన్నది.

అనురాధ ఫోటోను ఆమె ఎక్కడా పెట్టలేదు. పెడితే లక్షమంది చూసేవారని ప్రసన్నకుమార్ అంటాడు. “అది ఆ పిల్ల మొఖం అంకుల్,” అని మాత్రం అన్నదట.

తదుపరి వివరాలు. అనురాధకు ప్రభుత్వ వైద్యకళాశాలలో సీటు వచ్చింది. అహల్యకు దంతవైద్యంలో వచ్చింది, చేరింది. గల్లీలో ఎప్పటివలెనే డాక్టరమ్మా అని పిలుస్తున్నారు. ఆమె ఇప్పుడు పెట్టే ఫోటోలలో ముఖం ఉండుట లేదు. మైనంతో చెక్కిన దవడపళ్ళు ఉంటున్నవి. చూసేవారి సంఖ్య మళ్ళీ పదకొండుకు పడిపోయినది. ఆ పదకొండుమందిలో నేనొకడను. కళాశాలవారు కొత్త కోటు ఇచ్చినందున పాతది మా పఠనమందిరానికి దానం చేసింది. దానిని పేరు లోపలికి తిప్పి గోడకు మేకులతో బిగించాము. ఏడవ నియమానికి ‘హాల్‌టికెట్ ఫోటోలకు వర్తించదు’ అని సవరణ ప్రతిపాదించినవాడను నేనే.

జంగమ్మ తన నాలుగు పళ్ళతోనే కాలం గడుపుతున్నది. కట్టుడుపళ్ళు పెట్టించుకొమ్మని నేను చెప్పగా ఒప్పుకొనలేదు.

“‘నీ పండ్ల సెట్టు నేనే కడత, చదువు అయ్యేదాక ఆగు’ అన్నది సార్ మా పిల్ల. ఇంక నాలుగేండ్లంట. అయిదుపాలు సంపింది గద, గిప్పుడేమో సావొద్దని ఆర్డరేసింది!”